ఖాళీ ఆకు

ల్యాబుకు వచ్చిన కూరను కడగకూడదు. నాకు పని నేర్పిన ముసలాయన మొదటి రోజు చెప్పిన మాట అది. మట్టి ఉంటే దులుపు, కుళ్ళిన ఆకు తీసెయ్యి, వేరు కోసెయ్యి, నీళ్ళు మాత్రం తగలనివ్వకు అన్నాడు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు మూడు నీళ్ళు పోసి కడుగుతారు కదా అన్నాను. వాళ్ళు కడుక్కుంటారో లేదో మనకెందుకు, కొట్టువాడు ఎలా అమ్మాడో అలాగే కొయ్యాలి, చట్టం అంతే అన్నాడు.

పదిహేడేళ్ళు అలాగే కోశాను. చేతులకు తొడుగులుంటాయి. అయినా వాసన ఆగదు. పాలకూర కట్ట విప్పితే కాడల మొదట్లో తెల్లగా పొడి పేరుకుని ఉంటుంది. కొన్ని కట్టలు జిగటగా జారతాయి. కొన్ని తియ్యటి వాసన కొడతాయి, కిరసనాయిల్లో పంచదార కలిపినట్టు. ఆ తియ్యదనం గొంతులో దిగి సాయంత్రందాకా కూర్చుంటుంది. పదిహేడేళ్ళలో బజారు కూరలో బతికున్న పురుగును తొమ్మిదిసార్లు చూశాను. అది తినగలిగింది మనిషి కూడా తినొచ్చు కదా అని ఆ తొమ్మిదిసార్లూ సంతోషమేసింది.

నా పని కోసి, గడ్డకట్టించి, మరలో పొడి చేసి, గాజు గొట్టంలో పది గ్రాములు పోసి కెమిస్టు చేతికివ్వడం. కెమిస్టు అందులోంచి రసం తీసి మిషనుకు పెడుతుంది. ఏ పురుగుమందు ఎంత ఉందో మిషను అంకె చెబుతుంది. ఒక్కో మందుకు చట్టం ఒక హద్దు పెట్టింది. దాటితే సరుకు వెనక్కి పోతుంది. దాటకపోతే కెమిస్టు సంతకంతో చీటీ ఇస్తాం. ఆ చీటీ చూసే పెద్దాసుపత్రి వంటశాలవాళ్ళు, బడిపిల్లల హాస్టళ్ళవాళ్ళు కూర కొంటారు.

మిషనుకు ముందుగా సున్నా అంటే ఏమిటో చూపించాలి. అందుకు మందు లేని ఆకు కావాలి. మావాళ్ళు దాన్ని ఖాళీ ఆకు అంటారు. ఖాళీ ఆకులో మిషనుకు ఏది కనబడితే అది ఆకు గుణమే అనుకుని, మిగతా అన్నింట్లోంచీ అంత తీసేసి లెక్క చెబుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసింది ఒకటే, ఖాళీ ఆకు శుభ్రంగా ఉండాలి. పాత కెమిస్టు దానికోసం పద్నాలుగు కొట్లు తిరిగాడు. ఒక్క కొట్లోనూ పిడికెడు దొరకలేదు. ఊరంతా తినే బజారులో మిషనుకు పెట్టదగ్గ ఆకు లేదు. చివరికి ల్యాబు మేడ మీద పదకొండు తొట్లు పెట్టి పాలకూర వేయించాడు. నీళ్ళు పోయడం, పురుగు ఏరడం నా వంతు. మనుషులు తినేది ఒకటి, మిషను తినేది ఒకటి. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది.

పెద్దసారు ఒకరోజు పైకొచ్చాడు. ల్యాబుకంతటికీ అధికారి ఆయన. అంతకుముందు ఎప్పుడూ మేడ ఎక్కలేదు.

"ఏమయ్యా, ఆకు ఏపుగా వచ్చిందే!"

"వచ్చిందండి."

"మా కోడలికి ఐదో నెల. డాక్టరమ్మ ఆకుకూర బాగా పెట్టమంది. రోజు విడిచి రోజు ఓ కట్ట ఇంటికి పంపు."

"మిషనుకు చాలదండి."

"దానికి గుప్పెడు చాలు. ఏం, అది కూడా కడుపుతో ఉందా?"

తన మాటకు తనే నవ్వుకున్నాడు. నేను తొట్టి వైపు చూస్తూ, "బజారులో దొరుకుతుంది కదండి" అన్నాను.

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "బజారుదా? మతుండే మాట్లాడుతున్నావా? దాంట్లో ఏముంటుందో నాకు తెలీదా? కింద ఫైళ్ళన్నీ ఎవరివనుకున్నావు!"

అంత తెలిసినవాడు నెలకు రెండు వందల చీటీలు బయటికి పంపిస్తాడు. ఆ చీటీల మీది కూర ఒక్కనాడూ ఆయన ఇంటి గుమ్మం తొక్కలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగడం నాకు అలవాటు.

కట్టలు తీసుకెళ్ళడానికి డ్రైవరు వచ్చేవాడు. వాడి నోరు ఆగదు, అందుకని వాణ్ణి రేడియో అంటారు. "పెద్దాయనా, మీ ఆకు తిని పుట్టేవాడు చూడు, పచ్చగా పుడతాడు" అనేవాడు. మొదట రోజు విడిచి రోజు ఒక కట్ట. తర్వాత రోజుకొకటి. ఇంకొన్నాళ్ళకు సారు వాళ్ళ అక్కగారింటికి కూడా. ఎండలు ముదిరాయి. ఆకు మాడింది. కోసినచోట మళ్ళీ చిగురు వేయడానికి టైము లేకుండా కోసుకుపోయారు. తొట్లలో మొండి కాడలు మిగిలాయి.

ప్రతి శుక్రవారం ఫ్రీజరులో ఒక పొట్లం ఖాళీ ఆకు పెట్టాలి. ఆ శుక్రవారం నా దగ్గర లేదు. సారు గదికి వెళ్ళి చెప్పాను. ఆయన ఫోనులో మాట్లాడుతూనే చెయ్యి విదిలించాడు. "ఏదో ఒకటి సర్దవయ్యా, చిన్నపిల్లాడివా?"

సర్దాను. సందు చివరి కొట్టులో మూడు కట్టలు కొన్నాను. మందు పోవాలని మూడు నీళ్ళు పోసి కడిగాను. నాలుగోసారి ఉప్పునీళ్ళలో నానబెట్టి కడిగాను. ల్యాబులో ఒక్క ఆకు కూడా కడగని చేతులు అవి. ఆరబెట్టాను. కోసి పొట్లం కట్టి, పైన ఖాళీ ఆకు అని చీటీ అంటించి ఫ్రీజరులో పెట్టాను. మరుసటి శుక్రవారమూ అంతే. ఆ పై శుక్రవారమూ అంతే. పన్నెండు వారాలు.

ఈ పన్నెండు వారాల్లో ఒక వింత జరిగింది. అంతకుముందు పది సరుకులు వస్తే నాలుగు వెనక్కి పోయేవి. ఇప్పుడు పదికి పదీ గట్టెక్కుతున్నాయి. చారల చొక్కా వేసుకునే తోటవాడు ఒకడున్నాడు. వాడి సరుకు ఎప్పుడూ వెనక్కే పోయేది. వాడికి చీటీ ఇస్తే వాడే నమ్మలేదు.

"నాదేనా? సరిగ్గా చూశారా?"

"నీదే" అన్నాను.

"మా తోటలో అంత మంచి ఆకుందా!" అని చీటీని ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెద్దసారు అందరినీ పిలిచి, రైతులు మారారు, మన కృషి ఫలించింది అన్నాడు. కెమిస్టు చప్పట్లు కొట్టలేదు. కిందికి దిగుతూ, "ఎక్కడో తేడాగా ఉంది తాతా" అంది నాతో.

ఆ అమ్మాయి వచ్చి రెండేళ్ళయింది. సన్నగా, చువ్వలా ఉంటుంది. నన్ను మొదటి రోజునుంచీ తాతా అనే పిలిచింది. మా ఇంటిదాని మందు బిళ్ళల మీద ఏం రాసుందో చదివి, పొద్దున వేసుకునేవి ఒక డబ్బాలో, రాత్రివి ఇంకో డబ్బాలో వేసి ఇచ్చేది. సంతకం పెట్టే ముందు అంకెను రెండుసార్లు చూసుకునేది, ఎవరో వెనకనుంచి కొడతారన్నట్టు.

కొట్టనే కొట్టారు. ఏడాదికోసారి పెద్దాఫీసువాళ్ళు అన్ని ల్యాబులకూ ఒక పరీక్ష ఆకు పంపుతారు. దాంట్లో మందు ఎంతుందో వాళ్ళకు ముందే తెలుసు, వాళ్ళే కలుపుతారు. మనం కనిపెట్టి చెప్పాలి. అసలుది నలభై. మన అమ్మాయి రాసింది పదకొండు. వారంలో కాగితం వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో ఏడు రోజుల్లో చెప్పాలి. చెప్పలేకపోతే సంతకం పెట్టే అధికారం తీసేస్తారు. ఆ అధికారం పోయిన కెమిస్టును ఏ ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వదు. పెద్దసారు అదే రోజు జవాబు రాసి పంపాడు. చిన్నపిల్ల, అనుభవం చాలదు, తప్పు ఆమెదే అని.

అమ్మాయి మిషను విప్పింది, తుడిచింది, మళ్ళీ బిగించింది. గొట్టాలు మార్చింది. తూకం రాళ్ళు తెప్పించి త్రాసును సరిచూసింది. అన్నం డబ్బా మూత తియ్యకుండానే మూడు రోజులు ఇంటికి పట్టుకుపోయింది. నాలుగో రోజు నా బల్ల దగ్గరికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తాతా, అన్నీ చూశాను. ఇంక నా తలకాయే విప్పి చూసుకోవాలి. ఖాళీ ఆకు మన మేడ మీదదేగా?"

"ఊఁ" అన్నాను.

ఒక్క అక్షరం. ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది. నా మాట మీద ఇంకో ప్రశ్న వెయ్యాలని కూడా ఆమెకు తోచలేదు. నేను కత్తి పట్టుకుని నిలబడ్డాను. చేతిలోని పాలకూర జిగట తొడుగును దాటి లోపలికి వచ్చినట్టనిపించింది. తొడుగు తీసి చూశాను. చెమట.

ఎందుకలా అన్నానంటే చెప్పలేను. ఉద్యోగం భయం కొంత. సారు భయం కొంత. మిగతాది బద్ధకం లాంటిది. ఎన్నో ఏళ్ళుగా దేనికీ నోరు తెరవనివాడికి ఒక్కసారిగా దవడ కదలదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఇంటిది నేల మీద కూర్చుని పాలకూర ఏరుతోంది. సందు చివరి కొట్టుదే. నేను గోడకానుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందన్నాను.

"ఏ అమ్మాయి? బిళ్ళల అమ్మాయా? ఏం చేసిందని?"

జరిగింది చెప్పాను. ముక్కలు ముక్కలుగా చెప్పాను. అది చేతిలో ఆకు పట్టుకుని వింటోంది.

"నువ్వు చేసినదానికి ఆ పిల్లని పంపించేస్తారా? నువ్వు ఊఁ అని ఇంటికొచ్చి కూర్చున్నావా? నీ నోరు దేనికయ్యా ఉంది, కూడు కుక్కుకోడానికేనా?"

అది ఆకు వైపు చూసుకుంది.

"అవునూ, ఆ బజారు ఆకులో మందుందంటావు. మరి ఇదేమిటి?"

"అదే."

"అదేనా? మనం తినేది కూడా అదేనా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళనుంచి తెలుసు నీకు?"

పదిహేడేళ్ళు అన్నాను. అది లేచింది. పళ్ళెంలో ఉన్న ఆకంతా తీసుకెళ్ళి పెరటి కాలవలో వేసింది. వచ్చి చెయ్యి కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నా వైపు చూడకుండానే అంది.

"నేను ముద్దలు కలిపి మనవల నోట్లో పెడుతుంటే ఎదురుగా కూర్చుని చూశావు. ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కమాట అన్లేదు. నువ్వు మనిషివేనా?"

చెప్తే మాత్రం ఏం చేస్తావు, ఇంకేం తింటావు అందామనుకున్నాను. అది జవాబు కాదు. ఆ రాత్రి ఇద్దరం ఉప్పుతో అన్నం తిన్నాం. బియ్యం మాటేమిటని అది అడుగుతుందేమోనని తల ఎత్తలేదు. అడగలేదు.

ఏడో రోజు పెద్దాఫీసునుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ఒకాయన లావుపాటి మనిషి. రెండో ఆవిడకు కళ్ళజోడు. తూకం గదిలో కూర్చుని అమ్మాయిని ఎదురుగా నిలబెట్టారు. పెద్దసారు పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు. నేను టీ పట్టుకెళ్ళాను.

"తూకం మూడుసార్లు చూశానండి" అంటోంది అమ్మాయి. గొంతు పీలగా ఉంది.

"మరి నలభై పదకొండు ఎలా అయిందమ్మా?" లావుపాటాయన.

"తెలీదండి."

"తెలీదంటే సరిపోతుందా? ఆ సంతకం చూసి జనం తింటున్నారు."

"చిన్నపిల్ల కదండి, తొందరెక్కువ" అన్నాడు పెద్దసారు. తియ్యగా అన్నాడు. కిరసనాయిలు, పంచదార.

నేను టీ పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"ఖాళీ ఆకు మేడ మీదది కాదండి."

ఎవరికీ అర్థం కాలేదు. పళ్ళెంలో ఏదో తక్కువైందని చెబుతున్నాననుకున్నట్టున్నారు. మళ్ళీ అన్నాను.

"మిషనుకు పెట్టే ఖాళీ ఆకు. పన్నెండు వారాలుగా బజారుదండి. నేనే కొనుక్కొచ్చి పెట్టాను."

అమ్మాయి నా వైపు తిరిగింది. నేను ఆమె వైపు చూడలేదు.

"మేడ మీది ఆకు ఏమైంది?" అంది కళ్ళజోడావిడ.

"సారు ఇంటికెళ్ళిందండి. కోడలిగారికి."

పెద్దసారు లేచాడు. "నోటికేదొస్తే అది వాగుతావా? బజారుది పెట్టమని నేను చెప్పానా?"

"సర్దమన్నారండి."

"సర్దమంటే బజారునుంచి తెమ్మన్నానా? చెప్పు, ఆ మాట నా నోట వచ్చిందా?"

రాలేదు. అదే చెప్పాను, రాలేదండి అని. ఆయన వాళ్ళిద్దరి వైపు తిరిగి చేతులు చాపాడు, విన్నారుగా అన్నట్టు.

కళ్ళజోడావిడ నన్ను ఫ్రీజరు దగ్గరికి తీసుకెళ్ళమంది. మూడు పొట్లాలు తీసింది. సున్నా లెక్క ఏదీ తీసెయ్యకుండా, వీటిలో ఎంతుందో ఉన్నదున్నట్టు అంకె కావాలని అమ్మాయికిచ్చింది. రెండు గంటలు పట్టింది. ఎవరూ టీ తాగలేదు. అంకెల కాగితం వచ్చింది. మూడు పొట్లాల్లోనూ మందులున్నాయి. ఒక మందు చట్టం చెప్పిన హద్దుకు మూడింతలుంది. మిషను దాన్నే సున్నా అనుకుంది. ఊళ్ళోకి వచ్చిన ప్రతి ఆకులోంచీ అంత విషాన్ని తీసిపారేసి శుభ్రమైన అంకె చూపించింది. పరీక్ష ఆకులోని నలభై పదకొండు అయింది అలాగే.

"కడిగానండి. ఉప్పేసి కడిగాను" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. చెప్పుకు అంటినదాన్ని చూసినట్టు చూసింది. "అది వేరునుంచి ఆకు లోపలికి ఎక్కే మందు. నువ్వు కడిగింది మట్టిని."

చెప్పింది రాసివ్వమన్నారు. పెద్దసారు వరండాలో నా చెయ్యి పట్టుకుని, "ముసలితనంలో ఎందుకయ్యా నీకు, మతిమరుపు అని రాసెయ్, నేను చూసుకుంటా" అన్నాడు. ఆయన వేళ్ళు మెత్తగా, చల్లగా ఉన్నాయి. విడిపించుకున్నాను. మూడో తరగతి అక్షరాలతో అరగంట పట్టింది. ఆకు ఎవరింటికి ఎన్ని కట్టలు వెళ్ళిందో రాశాను. ఊఁ అన్నది కూడా రాశాను.

అమ్మాయి మీది కాగితం వెనక్కి తీసుకున్నారు. సంతకం ఆమెకే ఉండిపోయింది. పెద్దసారును ఇంకో ఊరి ల్యాబుకు మార్చారు. అంతే, మార్చారు. "అక్కడా మేడ ఉంటుందిలే పెద్దాయనా" అన్నాడు రేడియో. నన్ను కత్తి పనినుంచి తప్పించి గాజు గొట్టాలు కడగడానికి వేశారు.

పన్నెండు వారాల చీటీలన్నీ రద్దు చేస్తూ అందరికీ ఉత్తరాలు పంపారు. ఆసుపత్రి వంటశాలనుంచి జవాబొచ్చింది. అమ్మాయి నిలబడే చదివింది. సదరు సరుకు వినియోగమైపోయినందున వాపసు చేయుట సాధ్యపడదు అని ఉంది.

"అంటే?" అన్నాను.

"తినేశారు అని." కాగితం మడిచింది. "జబ్బుతో పడుకున్నవాళ్ళు తిన్నారు. హాస్టలు పిల్లలు తిన్నారు. నా సంతకం చూసి తిన్నారు."

నేను గొట్టం కడుగుతూ ఉన్నాను.

"ఆరోజు అడిగాను కదా నిన్ను. నీ ఎదురుగా నిలబడి అడిగాను. ఆ ఒక్కరోజే చెప్పుంటే మూడు రోజుల సరుకు ఆగేది. పద్దెనిమిది చీటీలు. లెక్కేశాను నేను." ఆమె గొంతు పెరగలేదు. "నీ మీద నాకు కోపం కూడా రావట్లేదు. అసహ్యంగా ఉంది."

తాతా అని అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. మా ఇంటిదాని బిళ్ళలు మాత్రం వేరు చేసి ఇస్తుంది, డబ్బాలు బల్ల చివర పెట్టి వెళ్ళిపోతుంది.

తొట్లలో మళ్ళీ విత్తనం వేశారు. వానలు పడ్డాక ఆకు వచ్చింది. నిజమైన ఖాళీ ఆకు పెట్టిన మొదటి రోజు పదింటిలో ఏడు సరుకులు హద్దు దాటాయి. ఏడింటినీ ఆ అమ్మాయి వెనక్కి పంపింది. చారల చొక్కావాడు కిటికీ దగ్గర గోల చేశాడు. "పోయిన నెల మంచిదన్నారు కదండీ! అదే తోట, అదే మందు, చుక్క ఎక్కువ కొట్టలేదు!" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు.

మేడ తలుపుకు ఇప్పుడు తాళం ఉంది. తాళంచెవి అమ్మాయి దగ్గరే ఉంటుంది. శుక్రవారం పొద్దున తనే మెట్లెక్కి, తనే కోసి, తనే పొట్లం కడుతుంది. నిన్న తొట్టికి నీళ్ళు మొయ్యలేక మెట్ల మీద ఆగింది. నేను బకెట్టు అందుకోబోయాను.

"వద్దు" అంది.

పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆమె బకెట్టు రెండు చేతులా పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి పైకి వెళ్ళింది. లోపలినుంచి గడియ పెట్టిన చప్పుడు వినబడింది. నేను కిందికొచ్చి మిగిలిన గొట్టాలు కడిగాను.